క్విల్టు బట్టకు గంజి పెట్టాలా? పెడితే కోతకు ముందా, తర్వాతా?

కృష్ణాతీరం (విజయవాడ), సోమవారం ఉదయం

అందరికీ నమస్కారం. మా మేనకోడలి పెళ్ళికి పెద్ద మంచానికి సరిపోయే క్విల్టు (బట్ట ముక్కలు అతికి, లోపల దూది పొర పెట్టి కుట్టే దుప్పటి) కుడుతున్నాను. బట్టంతా మన దగ్గరదే. పెడన కలంకారీ నూలు, దానికి జతగా మంగళగిరి చేనేత సాదా బట్ట. డిజైను చుక్క (నక్షత్రం) ఆకారం. మధ్యలో 6 అంగుళాల చదరం, చుట్టూ త్రికోణాలు, నాలుగు మూలల్లో చిన్న చదరాలు. చుట్టూ పావు అంగుళం కుట్టు వదిలితే ఒక్కో బ్లాకు (ఒక చుక్క ఉన్న చదరం) 12½ అంగుళాలు రావాలి.

రావడం లేదు. కొన్ని 12¼ దగ్గర ఆగిపోతున్నాయి, కొన్ని 12¾ దాటుతున్నాయి. కలంకారీ ముక్కలు కొంచెం నయం. మంగళగిరి బట్ట త్రికోణాలు మాత్రం ఇస్త్రీపెట్టె తగలగానే సాగి, అంచులు అలల్లా లేస్తున్నాయి. ముక్కలకు గంజి పెడితే నిలబడతాయని మా వదిన అంటోంది. చీరలకు గంజి పెట్టడం నాకు అలవాటే గానీ, ముక్కలకు ఎప్పుడూ పెట్టలేదు. కోసేసిన త్రికోణాలకు ఇప్పుడు పెట్టవచ్చా? ఏ గంజి మంచిది? పెళ్ళి మాఘంలో. టైం ఉంది కానీ, మరీ ఎక్కువ లేదు.

---

చిన్ని కుట్లు (హైదరాబాద్), సోమవారం మధ్యాహ్నం

కృష్ణాతీరం గారూ, గంజి సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒకటి చెప్పండి. పెద్ద త్రికోణాల పొడవాటి అంచు బ్లాకు బయటివైపుకు వస్తోంది కదా. ఆ త్రికోణాలను ఎలా కోశారు? చదరాన్ని మూల నుంచి మూలకు ఒక్కసారి కోసి రెండు చేశారా, లేక రెండు మూలగీతల మీదా కోసి నాలుగు చేశారా?

ఒక్కసారి కోస్తే పొడవాటి అంచు క్రాస్ మీద, అంటే పోగులకు ఏటవాలుగా పడుతుంది. రెండుసార్లు కోస్తే అదే అంచు తిన్నగా పోగు వెంట పోతుంది. బ్లాకు బయటి అంచు క్రాస్ అయితే, ఏం పూసినా అది సాగాలనే చూస్తుంది.

---

కృష్ణాతీరం (విజయవాడ), సోమవారం సాయంత్రం

ఒక్కసారే కోశాను అక్కా. నా దగ్గరున్న నమూనా కాగితంలో అలాగే ఉంది.

---

నేతింటి కోడలు (మంగళగిరి), సోమవారం రాత్రి

కోత సంగతి చిన్ని గారు చెప్పింది నిజమే. బట్ట సంగతి నేను చెబుతాను.

మా వైపు మగ్గం మీదకు ఎక్కే ముందు పడుగుకు (నిలువు పోగులకు) గంజి పెడతారు. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరేలా చూసుకుంటారు. మగ్గం అచ్చులో (పోగులు దూరే దువ్వెన లాంటి చట్రంలో) రాసుకుంటూ అటూ ఇటూ కదిలే పోగులు తెగకుండా ఉండడానికి ఈ పనంతా. పేకకు (అడ్డ పోగులకు) అంత గంజి ఉండదు. కాబట్టి కొత్త చేనేత బట్ట చేతికి బిరుసుగా తగిలినా, ఆ బిరుసు ఎక్కువగా పడుగుది. ఒక్క ఉతుకుతో అది పోతుంది. పోయాక బట్ట అసలు మెత్తదనం, అసలు సాగుడు బయటపడతాయి.

మీ మంగళగిరి బట్టను కోసే ముందు తడిపారా? తడపకుండా కోసి ఉంటే, ఇప్పుడు ముక్కలకు గంజి పట్టించడం అసలు మంచిది కాదు. గంజి అంటే తడే కదా. తడి తగిలిన చేనేత తప్పకుండా కుదించుకుంటుంది. ముక్క నిలబడుతుంది గానీ చిన్నదైపోతుంది.

ఇంకో మాట. కొనేటప్పుడు తాను (కోయని నిడివైన బట్ట) చివర నుంచి ఒక పోగు లాగి చూడండి. పడుగువైపు ఎంత సాగుతుందో, పేకవైపు ఎంత సాగుతుందో చేత్తో పట్టి లాగితే తెలిసిపోతుంది. పడుగు దాదాపు సాగదు. పేక కొంచెం సాగుతుంది. మూలకు లాగితే బాగా సాగుతుంది. ఏ ముక్క కోసినా పడుగు ఎటు ఉందో సుద్దతో చిన్న గీత పెట్టుకోండి. మా ఇంట్లో అందరం అలాగే పెట్టుకుంటాం.

---

టెక్సాస్ తెలుగమ్మాయి (హ్యూస్టన్), మంగళవారం తెల్లవారుజాము

నేను పూర్తిగా గంజి పక్షం. ఇక్కడ మా ఊళ్ళో ప్రతి ఏటా శరదృతువులో అంతర్జాతీయ క్విల్టు ఉత్సవం జరుగుతుంది. ప్రదర్శనలో పెట్టిన పనిలో సూదిమొనలా కలిసిన మూలలు చూసి, కుట్టినవాళ్ళను అడిగితే చాలామంది ముందు బట్టను గట్టిపరచుకున్నామనే అంటారు. కొందరు సీసాలో దొరికే చిక్కటి స్టార్చిని సమానంగా నీళ్ళు కలిపి వాడతారు. కొందరికి స్ప్రే డబ్బాలు ఇష్టం. గంజి కాకుండా సెల్యులోజ్ రకంతో చేసే పల్చటి సైజింగులు కూడా ఉన్నాయి. అవి బట్టకు కాస్త పట్టు ఇస్తాయి, అట్టలా చేయవు.

నా పద్ధతి ఇది. బట్ట ఉతికి, ఆరబెట్టి, తానుగా ఉండగానే గంజి పట్టిస్తాను. వెనకవైపు నుంచి చల్లి, రెండు మూడు నిమిషాలు ఇంకనిచ్చి, అప్పుడు ఇస్త్రీ. ఇంకకముందే ఇస్త్రీ పెడితే పైనే ఎండి తెల్లటి పొరలు లేస్తాయి. చిన్న త్రికోణాలు ఎక్కువగా ఉన్న పనికి ఇలా రెండు మూడు విడతలు పెట్టి, బట్ట దళసరి కాగితంలా అయ్యాకే కోస్తాను. తిరిగే కత్తి కింద అప్పుడు బట్ట జరగదు, నాలుగు మడతలు పేర్చినా కింది మడత, పై మడత ఒకే కొలతలో వస్తాయి.

ఇస్త్రీపెట్టెను బట్ట మీద రుద్దకండి. పెట్టి, నొక్కి, ఎత్తి, పక్కన పెట్టాలి. చీర ఇస్త్రీ చేసినట్టు లాగితే గంజి ఉన్నా త్రికోణం వంకర పోతుంది.

కృష్ణాతీరం గారూ, కోసేసిన ముక్కల విషయంలో నేతింటి కోడలు గారి మాటే నాదీ. వాటికి తడి చూపించకండి.

---

కొత్తసూది (వరంగల్), మంగళవారం ఉదయం

నేను కొత్తగా మొదలుపెట్టాను. నల్లటి బట్ట మీద గంజి పెడితే తెల్ల మరకలు వస్తున్నాయి. ఇస్త్రీపెట్టె అడుగున గోధుమరంగు పొర కూడా అంటుకుంది. మైదా గంజి వాడుతున్నాను. ఏం చేయాలి?

---

కెమిస్ట్రీ మాస్టారు (కాకినాడ), మంగళవారం రాత్రి

పాఠం చెప్పే అలవాటు పోలేదు కాబట్టి కాస్త పొడవుగా రాస్తున్నాను. ఇది మా ఆవిడ కుట్టుపనిలో పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నది, దానికి నా చదువు కలిపింది.

నూలు పోగు సెల్యులోజు. గంజి పిండిపదార్థం. రెండూ గ్లూకోజు గొలుసులే, అల్లిక తేడా. అందుకే గంజి నూలుకు అంత బాగా పడుతుంది, పాలిస్టరుకు పట్టదు. రెంటినీ పట్టి ఉంచేవి హైడ్రోజన్ బంధాలు. వేల సంఖ్యలో ఉంటాయి కాబట్టి పొడిగా ఉన్నంతకాలం బట్ట బిరుసుగా నిలబడుతుంది. నీళ్ళు తగిలితే ఆ బంధాలు వదిలేస్తాయి. గంజి ఉతికితే పోవడానికి కారణం ఇదే. వానాకాలంలో మా కోస్తా తేమకు గంజి చీర మధ్యాహ్నానికే వాలిపోవడానికి కారణం కూడా ఇదే.

పిండి చల్లటి నీళ్ళలో కరగదు, గింజలుగా తేలుతుంది. రకాన్ని బట్టి సుమారు 60 నుంచి 80 డిగ్రీల మధ్య ఆ గింజలు నీరు పీల్చి ఉబ్బి పగులుతాయి. అప్పుడే అది గంజి. సరిగ్గా ఉడకని పిండిని బట్ట మీద చల్లితే గింజలు గింజలుగానే మిగులుతాయి. కొత్తసూది అమ్మాయి చెప్పిన తెల్ల మరకల్లో ఎక్కువ భాగం అవే. మైదాలో పిండితో పాటు జిగురు మాంసకృత్తు కూడా ఉంటుంది. అది ఉండలు కడుతుంది, వేడికి మాడి పెట్టెకు అంటుకుంటుంది. మైదా మానేయండమ్మా.

ఏ గంజి అంటే నా ఓటు సగ్గుబియ్యానికి. మాకు సామర్లకోట, పెద్దాపురం మిల్లులు దగ్గర కాబట్టి ఈ అభిమానం అనుకోకండి, కారణం ఉంది. సగ్గుబియ్యం చేసే కర్రపెండలం పిండి ఉడికితే అద్దంలా తేటగా ఉంటుంది. బియ్యం గంజి, కార్న్‌ఫ్లోర్ గంజి తెల్లగా మసకగా ఉంటాయి. లేత రంగుల మీద ఏదైనా ఫరవాలేదు. నలుపు, ముదురు నీలం, కలంకారీ ఎరుపు మీద సగ్గుబియ్యం గంజి మచ్చ చూపించదు.

లీటరు నీళ్ళకు పెద్ద చెంచాడు సగ్గుబియ్యం. గంట నానబెట్టి, సన్నటి మంట మీద కలుపుతూ, గింజలు కనబడకుండా కరిగేదాకా ఉడికించాలి. చల్లారాక పల్చటి నూలుబట్టలో వడగట్టాలి. బిరుసు ఎక్కువ కావాలంటే రెండు చెంచాలు. సీసాలో పోసి చల్లేటట్టయితే ఇంకా పల్చన చేసుకోవాలి, లేకపోతే మూతి పూడుకుపోతుంది. వేసవిలో పొద్దున కాచింది మర్నాటికి పులుస్తుంది. వాసన వచ్చిన గంజి బట్టకు పెట్టకండి, ఆ వాసన ఇస్త్రీ వేడికి ఇంకా పెరుగుతుంది. ఏ రోజుది ఆ రోజు కాచుకోవడమే మంచిది, లేదా ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఫ్రిజ్‌లో జావలా గడ్డకడితే మళ్ళీ వేడి చేసి కలపండి.

ఇక తడి లెక్క. బట్ట నూటికి 3 వంతులు కుదించుకుందనుకుందాం. ఉతకని నూలుకు అది పెద్ద వింత కాదు. 12 అంగుళాల మీద 3 శాతం అంటే 0.36 అంగుళం. మీరు వదిలే కుట్టు 0.25 అంగుళం. అంటే కుట్టు మార్జిన్ కంటే ఎక్కువ తేడా ఒక్క బ్లాకులోనే వచ్చేస్తుంది. ముక్కల మీద గంజి వద్దనడానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు. తాను మీద ఎంత కుదించుకున్నా ఇబ్బంది లేదు, తర్వాతే కదా కొలిచి కోసేది.

---

కొత్తసూది (వరంగల్), మంగళవారం రాత్రి

చాలా థాంక్స్ మాస్టారూ. పెట్టె అడుగున పొర ఎలా వదిలించాలి?

---

నేతింటి కోడలు (మంగళగిరి), బుధవారం ఉదయం

చల్లారిన పెట్టె అడుగును తడిగుడ్డతో నానేలా తుడువమ్మా. గంజే కాబట్టి నీళ్ళకు మెత్తబడుతుంది. మాడిపోయి ఉంటే తడిగుడ్డ మీద కాస్త వంటసోడా ముద్ద వేసి మెల్లగా రుద్దు. చాకుతో గీకద్దు. గంజి బట్ట ఇస్త్రీకి ఆవిరి కూడా కట్టేయి, పొడి ఇస్త్రీ చాలు.

---

అతుకులబొంత (అమలాపురం), బుధవారం మధ్యాహ్నం

నేను ఈ మాటలన్నీ చదువుతున్నాను. నాది వేరే అభిప్రాయం, చెప్పకుండా ఉండలేను.

మేం బొంతలు కుట్టిన రోజుల్లో కొత్త బట్ట వాడేవాళ్ళం కాదు. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి, చుట్టూ పాత చీర అంచులు తిప్పి, అంచు నుంచి లోపలికి చేత్తో దారం పోసేవాళ్ళం. ఆ చీరలన్నీ ఒకప్పుడు గంజి తిన్నవే. అందుకని బొంతకు వేసే ముందు వేడినీళ్ళలో నానబెట్టి, గంజి మిగలకుండా ఉతికి పెట్టుకునేవాళ్ళం. గంజి ఉన్న బట్టలో చేతిసూది దిగదు. నాలుగు పొరల్లోంచి సూది లాగితే వేలి చివర పుండవుతుంది. పైగా బొంత అంటేనే మెత్తదనం. పురిటి బిడ్డ కింద వేసేది. దానికి గంజి ఎందుకు?

అంతకంటే ముఖ్యమైనది పురుగు. గంజి బట్ట మడత పెట్టి పెట్టెలో పెడితే బొద్దింక వస్తుంది. పుస్తకాల్లో తిరిగే వెండిరంగు పురుగు వస్తుంది. ఎలుకకూ ఇష్టమే. వాన కాలం వస్తే బూజు. పెళ్ళికి ఇచ్చే వస్తువు అంటున్నావు కదమ్మా. ఆ పిల్ల దాన్ని అత్తారింట్లో బీరువాలో దాచుకుంటుంది. గంజితోనే ఇస్తావా?

---

చిన్ని కుట్లు (హైదరాబాద్), బుధవారం సాయంత్రం

పెద్దమ్మ గారూ, నూటికి నూరు పాళ్ళు మీతో ఏకీభవిస్తున్నాను. నేను అసలు గంజి వాడను. కుట్టేవరకు క్రాస్ అంచు బయటపడకుండా కోత మార్చుకుంటే సగం సమస్య పోతుంది.

కృష్ణాతీరం గారి చుక్క డిజైనుకే చెబుతాను. 6 అంగుళాల పొడవు, 3 అంగుళాల ఎత్తు ఉండే ఆ త్రికోణం పట్టీలు నాలుగు ఒకేసారి చేయవచ్చు. త్రికోణాలు కోయనక్కర్లేదు. పట్టీలో మధ్య త్రికోణానికి వాడే బట్టలో 7¼ అంగుళాల చదరం ఒకటి, పక్క త్రికోణాలకు వాడే బట్టలో 3⅞ అంగుళాల చదరాలు నాలుగు కోయండి. చిన్న చదరాల మీద మూల నుంచి మూలకు పెన్సిల్ గీత గీయండి. పెద్ద చదరం మీద ఎదురెదురు మూలల్లో రెండు చిన్నవి పెట్టండి, మధ్యలో కొంచెం ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. గీతకు అటూ ఇటూ పావు అంగుళం దూరంలో కుట్టి, గీత మీద కోయండి. రెండు ముక్కలొస్తాయి. తెరిచి నొక్కండి. ఒక్కో ముక్కకు మిగిలిన మూలలో ఒక్కో చిన్న చదరం పెట్టి, మళ్ళీ గీతకు రెండువైపులా కుట్టి కోయండి. నాలుగు పట్టీలు చేతికొస్తాయి. బయటి అంచులన్నీ పోగు వెంటే ఉంటాయి, క్రాస్ అంతా లోపల కుట్టులో దాగి ఉంటుంది.

ఇలా చేస్తే పల్చటి చేనేత కూడా మాట వింటుంది. స్ప్రే వాసన నాకు పడదు, అదీ ఒక కారణం.

---

టెక్సాస్ తెలుగమ్మాయి (హ్యూస్టన్), గురువారం తెల్లవారుజాము

చిన్ని గారు చెప్పిన పద్ధతి నేనూ వాడతాను, చాలా మంచిది. కానీ కోత మార్చినంత మాత్రాన గంజి అక్కర్లేదంటే ఒప్పుకోను. గీతకు అటూ ఇటూ కుట్టేటప్పుడు మిషన్ పాదం కింద పల్చటి బట్ట నెట్టుకుపోతుంది. కోసి తెరిచి నొక్కే క్షణంలో క్రాస్ కుట్టు కూడా సాగుతుంది. ఆ రెండు చోట్ల గంజి పట్టుకునేంత గట్టిగా ఇంకేదీ పట్టుకోదు. అమెరికా క్విల్టు నూలు దట్టంగా నేసి ఉంటుంది, దానికి గంజి లేకున్నా గడిచిపోతుంది. మన చేనేతకు, ఇక్కత్‌కు, కలంకారీ పల్చటి రకాలకు గంజి అవసరం ఇంకా ఎక్కువ అని నా గట్టి నమ్మకం.

అలాగే అడుగు బట్ట. మిషన్ మీద చేత్తో తిప్పుతూ క్విల్టింగ్ చేసేవాళ్ళు అడుగు బట్టకు బాగా గంజి పెట్టుకుంటే అది బల్ల మీద జారుతూ పోతుంది, అడుగున ముడతలు పడవు. పెద్దమ్మ గారు చేతికుట్టు గురించి చెప్పింది మాత్రం అక్షరాలా నిజం. చేత్తో క్విల్టింగ్ చేయాలంటే పైపొర కుట్టడం అయ్యాక గంజి తీసేయాలి, లేదా మొదటి నుంచీ చాలా పల్చగా పెట్టాలి.

అతికించే పువ్వుల పని చేసేవాళ్ళకు ఒక ఉపయోగం. దళసరి అట్టతో ఆకు ఆకారం కోసి, బట్టను దానికంటే పావు అంగుళం పెద్దగా కోయండి. ఆ పావు అంగుళం మీద మాత్రం చిన్న కుంచెతో గంజి రాసి, అట్ట మీదకు మడిచి ఇస్త్రీ కొనతో నొక్కండి. ఆరాక అట్ట తీసేస్తే అంచు కత్తిలా నిలబడుతుంది. ఇస్త్రీతో అంటుకునే జిగురు కాగితం వాడేటట్టయితే మాత్రం గంజి పెట్టకండి. గంజి పొర మీద ఆ జిగురు సరిగా పట్టదు, ఉతికితే ఊడివస్తుంది.

---

వేదిక నిర్వాహకురాలు, గురువారం ఉదయం

కలంకారీ ఎక్కడ చవగ్గా దొరుకుతుందన్న ప్రశ్నలను కొనుగోళ్ళ విభాగానికి మార్చాను. ఇక్కడ గంజి గురించే కొనసాగించండి.

---

కృష్ణాతీరం (విజయవాడ), గురువారం రాత్రి

అందరూ ఇంత ఓపిగ్గా రాసినందుకు చేతులెత్తి నమస్కారం.

కోసిన త్రికోణాలు పక్కన పెట్టేశాను. మంగళగిరి బట్ట ఇంకా తానులో ఉంది, ఈ రాత్రికే నీళ్ళలో నానబెట్టాను. కలంకారీ రంగు వదులుతుందేమో అని టెన్షన్. షాపువాళ్ళు ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందన్నారు. నిజమేనా మాస్టారూ? ఇంకో ప్రశ్న: ఇప్పటికే కుట్టేసిన కొన్ని బ్లాకులున్నాయి. వాటిని విప్పాలా?

---

కెమిస్ట్రీ మాస్టారు (కాకినాడ), శుక్రవారం ఉదయం

ఉప్పు మీద ఆధారపడకండి. కొన్ని రకాల అద్దకాల్లో, అద్దేటప్పుడు తొట్టిలో ఉప్పు వేస్తే రంగు పోగులోకి ఎక్కువగా ఎక్కుతుంది. అద్దకం అయిపోయిన బట్టలో వదులుగా మిగిలిన రంగును ఇంట్లో ఉప్పు పట్టి ఉంచలేదు.

అసలైన పెడన అద్దకంలో బట్టను ముందు కరక్కాయ, పాలలో నానబెడతారు. కరక్కాయ వగరు మీద ఇనుప నీళ్ళు పడితే నలుపు కడుతుంది, పటిక అద్దిన చోట ఎర్ర రంగు తొట్టిలో ఉడికితే ఎరుపు కడుతుంది. మధ్యలో పారే నీళ్ళలో ఉతుకుతారు, ఉడకబెడతారు. ఇన్ని దెబ్బలు తిన్న రంగు తేలిగ్గా పోదు. కానీ బజార్లో కలంకారీ డిజైనుతో స్క్రీన్ ప్రింట్ బట్ట కూడా చాలా ఉంది. ఏది మీ చేతిలో ఉందో నీళ్ళే చెబుతాయి. ఒక చిన్న ముక్క కోసి, తెల్లటి నూలుబట్టతో కలిపి గోరువెచ్చటి నీళ్ళలో అరగంట ఉంచండి. తెల్లబట్టకు రంగు అంటితే, నీళ్ళు తేటపడేదాకా తానును జాడించాలి. అప్పటికీ ఆగకపోతే ఆ బట్ట లేత రంగుల పక్కన పెట్టకండి.

గంజి పెట్టే ముందే ఈ పరీక్ష చేయండి. తడి గంజితో వదిలిన రంగు మచ్చలా ఆరిపోతుంది.

---

నేతింటి కోడలు (మంగళగిరి), శుక్రవారం మధ్యాహ్నం

కుట్టేసినవి విప్పద్దు తల్లీ. విప్పితే అంచుల పోగులు రాలి ఇంకా పాడవుతాయి. ఇస్త్రీ బల్ల మీద తెల్లటి గుడ్డ పరిచి, దాని మీద ఉతికితే పోయే పెన్సిల్‌తో 12½ అంగుళాల చదరం గీసుకో. బ్లాకును దాని మీద పెట్టి, మూలలు ముందు, అంచులు తర్వాత గుండుసూదులతో గీతకు సరిపెట్టు. పల్చటి గంజి తుంపర చల్లి, అలాగే ఆరనివ్వు. ఆరాక సూదులు తీసి పొడి పెట్టెతో నొక్కు. 12¾ వచ్చినవి చాలావరకు దారికొస్తాయి. తడపని బట్టతో కుట్టినవి కాబట్టి ముందు ఒక్కటి చేసి, ఆరాక కొలిచి, తర్వాత మిగతావి పట్టు. 12¼ వచ్చినవి లాగి పెంచకు. అవి పక్కన పెట్టి దిండు గలీబులకు వాడుకో.

---

అతుకులబొంత (అమలాపురం), శనివారం ఉదయం

సరే, కోతకు గంజి కావాలంటున్నారు, మీ పని మీకు తెలుసు. నేను అడిగినదానికి మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ గంజి చివరికి పోయిందని ఎలా తెలుస్తుంది? చేతికి మెత్తగా తగిలినంత మాత్రాన పోయినట్టు కాదు. మధ్యలో దూది పొర ఉంది, కుట్ల సందుల్లో ఉండిపోతుంది.

---

కెమిస్ట్రీ మాస్టారు (కాకినాడ), శనివారం రాత్రి

అక్కయ్యగారూ, ఈ ప్రశ్నకే నేను ఎదురుచూస్తున్నాను. ఇది తేలిగ్గా తేలిపోతుంది.

పూర్తయిన క్విల్టును గోరువెచ్చటి నీళ్ళలో గంటసేపు నానబెట్టి, పిండకుండా నొక్కి నీరు తీసి, మంచినీళ్ళలో జాడించాలి. ఆ జాడించిన నీళ్ళు ఒక తెల్లటి గిన్నెలోకి తీసుకుని, పూర్తిగా చల్లారాక, మందుల షాపులో దొరికే అయోడిన్ ద్రావణం ఒక్క చుక్క వేయండి. పోవిడోన్ అయోడిన్ అయినా సరే. నీళ్ళలో గంజి ఉంటే నీలం, నలుపు కలిసిన రంగు తిరుగుతుంది. గంజి లేకపోతే మందు రంగు లేత గోధుమగానే ఉంటుంది. నీళ్ళు వేడిగా ఉంటే గంజి ఉన్నా రంగు కనబడదు, అందుకే చల్లార్చమన్నాను. చుక్క నీళ్ళలోనే వేయాలి. బట్ట మీద వేస్తే మరక పడుతుంది.

నీలం వచ్చినన్నిసార్లు నానబెట్టడం, జాడించడం. పిండిని విరగ్గొట్టే ఎంజైమున్న సబ్బుపొడులు ఉన్నాయి, అవి పని త్వరగా చేస్తాయి. అయితే వాటిలో చాలావాటికి క్షారం ఎక్కువ. కలంకారీ సహజ రంగుల మీద అది మంచిది కాదు.

---

అతుకులబొంత (అమలాపురం), శనివారం రాత్రి

ఇది బాగుంది మాస్టారూ. సబ్బుపొడి మాట వదిలేయండి. చివరిసారి నానబెట్టేటప్పుడు కుంకుడు రసం పోయమ్మా కృష్ణాతీరం. కుంకుడుకాయ గింజ తీసి, రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి వడగడితే రసం వస్తుంది. రంగు చెడదు, బట్ట మెత్తగా ఉంటుంది. తర్వాత నీడపట్టున పరిచి ఆరబెట్టు. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకు కుట్లు లాగుతాయి. పూర్తిగా ఆరాకే మడత పెట్టాలి. పాత నూలు దుప్పట్లో చుట్టి ఇవ్వు, ప్లాస్టిక్ సంచిలో పెట్టకు. ఏడాదికి రెండుసార్లు మడత మార్చమని ఆ పిల్లకు చెప్పు.

---

కృష్ణాతీరం (విజయవాడ), తర్వాతి గురువారం

చెప్పినట్టే చేశాను. మంగళగిరి బట్ట ఉతికి ఆరాక కొలిస్తే పొడవులో బాగానే తగ్గింది. కోయకముందే తగ్గడం ఎంత మేలో ఇప్పుడు అర్థమైంది. కలంకారీ పరీక్షలో తెల్లబట్టకు రంగు అంటలేదు, ప్రాణం కుదుటపడింది.

సగ్గుబియ్యం గంజి రెండు విడతలు పెట్టి, నీడలో కాస్త పచ్చి ఉండగా తీసి ఇస్త్రీ చేశాను. చిన్ని గారి 7¼, 3⅞ కొలతలతో పట్టీలు చేసి కొత్త బ్లాకు కుట్టాను. నాలుగు వైపులా కొలిచాను, 12½. చుక్క కొనలు ఒక్కటీ తెగలేదు. ఇప్పటివరకు కుట్టిన ఏ బ్లాకూ ఇంత చదునుగా బల్ల మీద పడుకోలేదు.

పాత బ్లాకుల్లో పెద్దవి సూదులతో గుచ్చి సరిచేస్తున్నాను. మొదటిది బాగానే దారికొచ్చింది. ఒక్క సందేహం. గంజి పెట్టిన తాను అంతా ఒకేసారి కోయలేను, మిగిలినదాన్ని రెండు వారాలు ఎలా దాచాలి? మడత పెట్టవచ్చా?

---

టెక్సాస్ తెలుగమ్మాయి (హ్యూస్టన్), శుక్రవారం తెల్లవారుజాము

చాలా సంతోషం! ఫోటో పెట్టండి.

మడత పెట్టకండి. గంజి బట్ట మడత దగ్గర గట్టిగా విరుగుతుంది, ఆ గీత తర్వాత ఇస్త్రీకి కూడా లొంగదు. అట్ట గొట్టానికి వదులుగా చుట్టి, పైన ఉతికిన పాత నూలుబట్ట కప్పి, వంటింటికి దూరంగా ఎత్తులో పెట్టండి. కుదిరితే వారం పనికి సరిపడా బట్టకే గంజి పెట్టుకుని, మిగతాది ఉతికిన బట్టగానే ఉంచండి. కోసిన ముక్కలను కొలతవారీగా మూతున్న డబ్బాలో పరిచి పెట్టుకోండి, పడుగు గీత పైకి కనబడేలా.

---

నేతింటి కోడలు (మంగళగిరి), శుక్రవారం ఉదయం

డబ్బాలో నాలుగు ఎండు వేపాకులు కూడా వెయ్యి. మూల్లో గంజి బట్టకు తగలకుండా చిన్న గుడ్డలో మూటకట్టి వెయ్యి, లేకపోతే ఆకు పసరు లేత రంగుకు అంటుతుంది.